గొట్టం, మురుగు కాలువ, మంచినీటి చెరువు: కోనసీమ ఊళ్ళ ప్రణాళికలో జనం మాట

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పేలి ఇళ్ళనూ కొబ్బరి తోటలనూ మంటలు చుట్టేశాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసినది. తేమ, ద్రవాలు కలిసిన గ్యాస్ పారడంతో అది లోలోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని గ్రామస్థులు అన్నారు. ఊళ్ళో ఉండేవాళ్ళకు అందరికంటే ముందు తెలిసిన సంగతి, ఆ ఊరి సేవలను నిర్ణయించే కాగితాల్లోకి ఎందుకు చేరదన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

నగరం ఉన్నది గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల నడుమ రాజోలు ప్రాంతంలో. ఇక్కడ ఏ సౌకర్యమైనా నీటితో ముడిపడిందే. ధవళేశ్వరం నుంచి లొల్ల లాకుల మీదుగా వచ్చే కాలువ నీరే పొలానికీ ఇంటికీ ఆధారం. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీరు. అందుకే వేసవిలో కాలువలు కట్టేసేలోగా మంచినీటి చెరువు నింపుకోవాలి. ఇప్పుడు పంటచేలు ఇళ్ళ స్థలాలవుతున్నాయి. పల్లాన్ని మట్టితో మెరక చేసినవాడి వాకిలి పొడిగానే ఉంటుంది. పూడిపోయిన బోదె తాలూకు నీరు పక్కింటి పెరట్లో నిలుస్తుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పారని బాధా వినిపించింది. శంకరగుప్తం డ్రెయిన్‌లోకి పోటు నీరు ఎగదన్ని ఎన్నో కొబ్బరిచెట్లు తలలు వాల్చి మోడులయ్యాయి. పైఊరి మురుగు, కిందిఊరి ఉప్పు ఒకే కాలువలో కలుస్తాయి. కానీ చెరువు పంచాయతీది, డ్రెయిన్ జలవనరుల శాఖది, గొట్టం కంపెనీది. ఈ మూడూ కలిసి కనిపించే పటం ఊరి చేతిలో ఉండాలి.

చట్టం జనానికి చోటిచ్చింది, కానీ కొలిచి ఇచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ చెప్పిన వార్డు కమిటీలు మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి. 2011 లెక్కల్లో అమలాపురం జనాభా యాభై వేల పైచిలుకు. జిల్లా కేంద్రానికే వర్తించని ఆ నియమం నగరం లాంటి పంచాయతీ ఊసెత్తదు. అక్కడ గ్రామసభే దిక్కు. గొట్టాల సంగతి ఇంకా ఇరుకు. 1962 నాటి పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం కింద, ఆ భూమిలో హక్కో ప్రయోజనమో ఉన్నవారు ప్రకటన వెలువడిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. గొట్టానికి పక్కన పాక వేసుకున్న కూలీకి ఆ అవకాశం లేదు. ప్రమాదం మాత్రం భూమి పట్టా చూసి రాదు. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడుంది: భూమి ఉన్నవాడి సమ్మతినే ఊరి భాగస్వామ్యంగా లెక్కగట్టాం.

ఇంతకన్నా మెరుగైన పద్ధతి మన రాష్ట్రంలోనే నడిచింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 పట్టణాల్లో 2000 ప్రాంతంలో మొదలై 2008 దాకా సాగిన పట్టణ పేదల సేవల పథకంలో, ప్రతి మునిసిపాలిటీ పేదరిక నిర్మూలనకు కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకోవాల్సి ఉండేది. బస్తీల్లో పేదరికం ఎంత, సౌకర్యాల లోటు ఎంత అని రెండు కొలతలతో చూసి, రెండూ ఎక్కువున్న చోటికి ముందు డబ్బు వెళ్ళాలన్నది నియమం. నిధులను మునిసిపల్ సంస్కరణలతో ముడిపెట్టారు. ఎవరి వీధి ముందన్నది పలుకుబడిని బట్టి కాక అందరికీ కనిపించే లెక్కను బట్టి తేల్చాలన్న ఆ ఆలోచన నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. అయితే అది పెద్ద పట్టణాల పథకం. పల్లెగానే లెక్కలోకొచ్చి పట్టణంలా పెరుగుతున్న ఊళ్ళు దాని పరిధిలోకి రాలేదు.

కోనసీమకు దాన్ని అన్వయించాలంటే వార్డు హద్దు పనికిరాదు; మురుగు ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో అదే హద్దు కావాలి. ఒక డ్రెయిన్ మీద ఆధారపడిన పంచాయతీలన్నీ కలిసి కూర్చోవాలి. మొదటి పని గట్టు వెంట నడక. ఏ తూము మూసుకుపోయింది, వరదప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, చెరువులోకి ఏ వీధి మురుగు చేరుతోంది అన్నవి కౌలురైతులు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు, లంకల్లో ఉండేవాళ్ళు చెప్పాలి. గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ సహాయకులు అక్కడికక్కడే పటం మీద ఎక్కించాలి. గ్యాస్ గొట్టాల దారి, వాటి వయసు, చివరి తనిఖీ తేదీ అదే పటం మీద కంపెనీ చూపాలి. పటం గ్రామసభ ఆమోదం పొందాకే లేఅవుట్లకు అనుమతి ఇవ్వాలి. ఊళ్ళోవాళ్ళు వాసన వస్తోందని చేసే ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, ఎవరు వచ్చి చూశారో, ఏం చేశారో పంచాయతీ గోడ మీద రాయాలి. ఈ చివరి పనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. వచ్చే గ్రామసభలో తీర్మానం చేస్తే చాలు.