బొంతు చేప చరిత్ర

కేసముద్రము పేరులో సముద్రమున్నది. ఊరికి మాత్రము సముద్రము లేదు. పూర్వపు వరంగల్లు జిల్లాకు చెందిన ఈ ప్రాంతములో పెద్ద చెరువులను సముద్రములని పిలుచుట కాకతీయుల నాటి ఆచారము. ఇచ్చటి విద్యార్థికి చేప యనగానే కొర్రమీను, బొచ్చె వంటివి స్ఫురించును. చెరువులో వల వేయువారికి తెలిసిన నియమమొకటి కలదు. చిన్న చేపను వదలి పెద్ద చేపను పట్టవలెను, చిన్నది పెరిగి గ్రుడ్లు పెట్టును, సంతతి నిలుచును. చెరువు చేపలకు ఇది మంచి నియమమే. కాని సముద్రములో రాళ్ళ నడుమ, పగడపు దిబ్బల నడుమ నివసించు బొంతు చేపల విషయములో ఇది సగము సత్యము మాత్రమే. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు బోధపడుటకు చాలకాలము పట్టినది.

బొంతు చేపను శాస్త్ర లోకమునకు పరిచయము చేసినవారిలో పాట్రిక్ రసెల్ ఒకడు. ఈయన స్కాట్లండు దేశపు వైద్యుడు. 1781లో తన సోదరునితో కలసి భారతదేశమునకు వచ్చి విశాఖపట్నములో నివసించినాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడైనాడు. రక్తపింజర పామునకు శాస్త్రములో ఈయన పేరే పెట్టినారు. విశాఖ తీరమున దొరకిన రెండు వందల చేపలను వర్ణించి, వాటి బొమ్మలతో 1803లో రెండు సంపుటముల గ్రంథమును వెలువరించినాడు.

ఈ గ్రంథములోని విశేషమేమనగా, రసెల్ అనేక చేపలకు అక్కడి వాడుక పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నాడు. వాటిలో 'బొంతూ' ఒకటి. దానిలోనే కొన్ని రకములను వేరువేరుగా చూపినాడు. ఒకదాని పేరు 'రాతీ బొంతూ'. దీనిని రాతి బొంతు అని చదివినచో, ఆ చేప ఎచ్చట నివసించునో పేరే చెప్పుచున్నట్లు తోచును. జాలరులు చేపతో పాటు దాని ఇంటిని కూడ ఎరిగియుండిరనుకొనుటకు ఇదొక ఆనవాలు.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ పేర్లను లాటిను పేర్లలో చేర్చుకొనిరి. రసెల్ విన్న 'కనగుర్త' అను పేరును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1816లో ఒక చేపకు పెట్టినాడు. నేటికిని అది 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త'యే. జావా ద్వీపములో డచ్చి సైన్య వైద్యుడుగా పనిచేసిన బ్లీకర్ 1855లో మరియొక చేపకు 'బొంతోయిడీస్' అని పేరు పెట్టినాడు. 'బొంతు వంటిది' అని దీని అర్థము. ఈ విధముగా విశాఖ రేవులోని ఒక మాట ప్రపంచ శాస్త్ర గ్రంథములలో స్థానము పొందినది.

బొంతు జాతులలో మన దేశమున వ్యాపార ప్రాముఖ్యముగల వాటిలో 'ఎపినెఫెలస్ కోయాయిడీస్' ఒకటి. దీని ఒంటిపై నారింజ రంగు చుక్కలుండును. పిల్లలు నదీ ముఖములలోను, మడ అడవుల నీటిలోను పెరుగును. పెద్దవి రాళ్ళను, దిబ్బలను ఆశ్రయించును. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు వీటి ఆహారము. మీటరుకు మించిన పొడవు పెరుగగలవు. 20 ఏండ్లకు పైగా బ్రతుకగలవు. చేప చెవిలోని చిన్న రాయిని కోసి చూచినచో, చెట్టు మానులోవలె వలయములు కనిపించును. వాటిని లెక్కించి వయస్సును నిర్ణయింతురు.

ఇక అసలు విచిత్రము. ఈ చేప మొదట ఆడది. రెండు మూడేండ్ల వయస్సులో, 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవున, గ్రుడ్లు పెట్టు స్థితికి వచ్చును. తరువాత 55 నుండి 75 సెంటీమీటర్ల పొడవు వచ్చునప్పటికి కొన్ని ఆడచేపలలో అండాశయము క్రమముగా వృషణముగా మారును, ఆడది మగదగును. ఈ కుటుంబపు చేపలలో ఇట్టి ద్విలింగత్వమును సి. లావెట్ స్మిత్ బెర్ముడా ద్వీపముల చేపలలో పరిశీలించి 1959లో వివరించినాడు.

ఈ మార్పు వలన లాభమేమి? చిన్న మగచేప పెద్ద మగచేపల పోటీలో నిలువలేదు; చిన్న ఆడచేప మాత్రము గ్రుడ్లు పెట్టగలదు. కనుక చిన్నతనమున ఆడదిగాను, పెద్దయిన పిమ్మట మగదిగాను ఉండుటచే ఒక జీవికి కలుగు సంతానము హెచ్చును. ప్రకృతి వరణమునకు ఇది చక్కని ఉదాహరణము.

కాని గాలము ఈ లెక్కను తారుమారు చేయును. పెద్ద చేపలను మాత్రమే పట్టినచో ముందుగా పోవునవి మగవి. మెక్సికో సింధుశాఖలో 'గాగ్' అను బొంతు జాతిలో 1970 తరువాతి కాలమున సుమారు 17 శాతముగా ఉన్న మగచేపలు, 1990 తరువాత ఒకటి రెండు శాతమునకు దిగజారినవి. గ్రుడ్లు పెట్టు ఆడచేపలున్నను, వాటిని ఫలదీకరించుటకు చాలినన్ని మగవి లేకపోవు ప్రమాదమేర్పడినది. కరీబియను సముద్రములోని 'నాసౌ' బొంతు మరియొక విధముగ నష్టపడినది. అవి ఏటేటా ఒకే చోట గుమికూడి గ్రుడ్లు పెట్టును. ఆ చోటు తెలిసిన జాలరులు వాటిని విస్తారముగ పట్టుటచే ఆ గుంపులనేకము అంతరించినవి.

మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, యాంత్రిక పడవలతో చేపల వేట నిషిద్ధము. ఇది అన్ని చేపలకు మేలు చేయు విరామము. బొంతులకు దీనితో పాటు మరియొకటి కావలెను: చిన్నవాటినే కాక కొన్ని పెద్దవాటిని కూడ మిగులనీయవలెను. వేట నిషేధించిన రాతి ప్రాంతములుండుట అందుకొక మార్గము. పెంపకము మరియొక మార్గము. 2007లో విశాఖ తీరమున సముద్రపు పంజరములలో చేపల పెంపకము ఆరంభమైనది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన విశాఖ కేంద్రము తదుపరి నారింజ చుక్కల బొంతు పిల్లలను హేచరీలో ఉత్పత్తి చేయగలిగినది. హేచరీలో సైతము మగచేపల కొరత కలుగును. అందుచే ఆడచేపలకు పురుష హార్మోనునిచ్చి మగవిగా మార్చు పద్ధతిని అవలంబింతురు.

రసెల్ గ్రంథము వెలువడి రెండు శతాబ్దములు దాటినది. చేప ఎచ్చట నుండునో జాలరి ఎరిగియుండెను. అది ఎట్లు మారునో శాస్త్రజ్ఞుడు తెలిసికొనెను. ఈ రెండు జ్ఞానములును కలసిననే రాళ్ళ నడుమ బొంతు నిలుచును. చిన్నదానిని వదలుమని చెరువు నేర్పినది. పెద్దదానిని కూడ కొంత వదలుమని సముద్రము నేర్పుచున్నది.