ఇంటిలో సంగీత భాండాగారం

శబ్దం పుట్టిన చోటనే నశిస్తుంది. చిత్రకారుడు గీసిన బొమ్మ గోడమీద నిలుస్తుంది. కవి వ్రాసిన పద్యం తాటాకుమీద నిలుస్తుంది. గాయకుడు పాడిన పాటకు విన్నవారి జ్ఞాపకమే ఆధారం. రేడియో కూడా ఈ నియమానికి లోబడినదే. రాత్రి 9.30కి మొదలైన కచ్చేరీ 10.30కి ముగుస్తుంది, ఆ వేళకు ఇంటిలో లేనివారికి అది జరగనట్లే. కనుకనే, కోరిన పాటను కోరిన వేళ వినవలెనన్న ఆశ మనుష్యునికి చిరకాలంగా ఉన్నది. ఆ ఆశ నెరవేరిన కథ మాత్రం నూట యాభై ఏళ్ళలోపుదే.

నేడు ఆ కథ ఒక చిన్న కంప్యూటరు దాకా వచ్చినది. పుస్తకమంత పెట్టె ఇంటిలో ఏ మూలనో కూర్చుండి, వేల గంటల సంగీతాన్ని తనలో దాచుకొని, అడిగిన గదికి అడిగిన పాటను అందిస్తున్నది. దీనిని సంగీత సర్వరు అంటున్నారు. సర్వరు అంటే వడ్డించేది అని అర్థం. ఈ వడ్డన ఎక్కడ మొదలై ఇంతదాకా ఎట్లా వచ్చినదో, దానిని మన ఇంట నెలకొల్పుకొనవలెనంటే ఏమేమి తెలిసి ఉండవలెనో ఈనాడు ముచ్చటించుకుందాము.

1877లో అమెరికాలో ఎడిసన్ మహాశయుడు తగరపు రేకు చుట్టిన స్తంభంమీద తన కంఠస్వరాన్ని గీయించి, తిరిగి పలికించినాడు. అది అద్భుతమే, కాని అటువంటి స్తంభానికి ప్రతులు తీయడం కష్టం. పది సంవత్సరాల తరువాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ స్తంభానికి బదులు పళ్ళెం వాడినాడు. ఒక మూలప్రతినుండి అచ్చు తీసి, దానితో వేల పళ్ళేలు ఒత్తవచ్చును. గ్రంథాలకు అచ్చుయంత్రం చేసిన మేలు సంగీతానికి గ్రామఫోను పళ్ళెం చేసినది. ఆ పళ్ళేల తయారీలో కీలకమైన పదార్థం లక్క. ఆ లక్కలో అధికభాగం మన దేశంనుండి వెళ్ళినదే.

1902లో లండన్ గ్రామఫోన్ కంపెనీవారి పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినాడు. ఆమె ప్రతి పాట చివరనూ తన పేరును ఇంగ్లీషులో చెప్పేది. ఇందుకు కారణం ఉన్నదంటారు. ఆ రికార్డులను ఒత్తేది జర్మనీలోని హానోవరు నగరంలో. అక్కడి పనివారికి మన భాష తెలియదు, మన గాయకులు తెలియరు. పేరు వినబడితేనే సరియైన చీటీ అంటించగలరు. పాటను దాచడం ఎంత పనో, దానికి పేరు దాచడమూ అంత పనే అని సంగీత రికార్డుల చరిత్ర మనకు ఆనాడే చెప్పినది. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. మళ్ళీ దీని దగ్గరకే రావలసి ఉన్నది.

పది అంగుళాల పళ్ళెం ఒక వైపున మ్రోగేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు ఆలపించే రాగాన్ని విద్వాంసులు ఆ మూడు నిమిషాలలో ఇమిడ్చినారు. 1935లో జర్మన్లు బెర్లిన్ ప్రదర్శనలో అయస్కాంతపు టేపు యంత్రాన్ని చూపినారు. 1948లో కొలంబియా కంపెనీవారు లాంగ్ ప్లే రికార్డును తెచ్చినారు. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును తయారుచేసినది. ఈ కాసెట్టుతో మొదటిసారిగా సామాన్య గృహస్థు తానే సంగీతాన్ని పట్టుకొని దాచుకోగలిగినాడు. మన ఇండ్లలో రేడియో ప్రక్కన టేప్ రికార్డరు పెట్టి, వచ్చిన కచ్చేరీని వచ్చినట్లే పట్టుకున్నవారు ఎందరో.

అయితే వీటన్నిటికీ ఒక దోషం ఉన్నది. కాసెట్టుకు ప్రతి తీస్తే, మూలంలోని బుసతోపాటు క్రొత్త బుస చేరుతుంది. ఆ ప్రతికి మరొక ప్రతి తీస్తే పాట మరికొంత మసకబారుతుంది. పాలలో నీళ్ళు కలిపి, ఆ పాలలో మళ్ళీ నీళ్ళు కలిపినట్లుంటుంది. మ్రోగించిన ప్రతిసారీ సూది రికార్డును అరగదీస్తుంది. ప్రేమతో ఎక్కువసార్లు విన్న పాటే ముందుగా పాడవుతుంది.

ఈ చిక్కు విడిపోయినది శబ్దాన్ని అంకెలుగా వ్రాయడం నేర్చిన తరువాత. 1937లో అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఈ ఊహ చేసినాడు. శబ్దతరంగం ఎత్తుపల్లాలు గల ఒక వంకర గీత వంటిది. చెరువుగట్టును అడుగడుగునా కొలిచి కాగితంమీద వ్రాసుకొన్నట్లు, ఆ గీత ఎత్తును క్రమం తప్పక కొలిచి వ్రాసుకొనవచ్చును. శబ్దంలోని గరిష్ఠ కంపన సంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలిస్తే, ఆ కొలతలనుండి గీతను సమగ్రంగా తిరిగి గీయవచ్చునని 1928లో నైక్విస్ట్ వేసిన పునాదిమీద 1949లో షానన్ నిరూపించినాడు. మన చెవి వినగలది సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు. అందుచేత 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి వెలువరించిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు ఉంటవి. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు ఉంటవి.

అంకెల పట్టికను ఎవరు ఏ కాగితంమీద ఎత్తి వ్రాసినా, తప్పు లేకుండా వ్రాస్తే అది అదే పట్టిక. నూరవ ప్రతికీ మొదటి ప్రతికీ భేదం లేదు. సంగీతం ప్రతి తీస్తే తరిగిపోకుండా ఉండడం చరిత్రలో ఇదే మొదటిసారి.

అంకెలను పెట్టుకొనుటకు చోటు కావలెను గదా! సీడీ సంగీతానికి గంటకు సుమారు 63.5 కోట్ల బైట్లు పడుతుంది. 1956లో ఐబీఎం సంస్థ నిర్మించిన మొదటి డిస్కు యంత్రంలో రెండేసి అడుగుల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. అది దాచగలిగినది 50 లక్షల అక్షరాలు. అర నిమిషపు సంగీతానికి కూడా అది చాలదు. 1990 తరువాత కూడా ఇంటి కంప్యూటర్లలో చోటు స్వల్పమే. అందుచేత జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలోని కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ప్రభృతులు ఒక ఉపాయం పన్నినారు. పెద్ద శబ్దం మ్రోగే క్షణంలో దాని ప్రక్కనున్న సన్నని శబ్దాలు చెవికి అందవు, అందనివానిని వ్రాయడమెందుకు? ఇట్లా పుట్టినదే ఎంపీత్రీ; ఆ ఫైళ్ళ పేరు స్థిరపడినది 1995లో. సామాన్యంగా వాడిన ప్రమాణంలో అది మూలంలో పదకొండవ వంతు మాత్రమే. ఉపాయం గొప్పదే, కాని తీసివేసినది తిరిగి రాదు. తాళాల ఝంకారంలోనూ, సభలోని చప్పట్లలోనూ ఆ లోటు చెవిగలవారికి తెలుస్తూనే ఉంటుంది.

2001లో జాష్ కోల్సన్ ఫ్లాక్ అనే మరొక పద్ధతిని వెలువరించినాడు. జరిగిన కొలతలనుబట్టి రాబోయే కొలతను ఊహించి, ఆ ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రం వ్రాసుకొనడం ఇందలి మర్మం. తేడా చిన్నది గనుక చోటు తక్కువ పడుతుంది. విప్పినప్పుడు ఒక్క అంకె కూడా మారకుండా మూలం మూలంగా వస్తుంది. సీడీలోనిది సుమారు సగానికి, లేదా కొంచెం పైచిలుకుకు కుదించుకొంటుంది. నేడు అరచేతిలో ఇమిడే ఒక టెరాబైటు డిస్కులో ఈ విధంగా సుమారు 2500 గంటల సంగీతం పడుతుంది.

అదే 2001లో అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ ఒక పెట్టెను అమ్మినది. దానిలో పాటలు లేవు. పాటలన్నీ వేరొక గదిలోని కంప్యూటరులో ఉంటవి. పెట్టె వాటిని తెప్పించుకొని మ్రోగిస్తుంది. ఫ్యాను చప్పుడు చేసే కంప్యూటరు ఒకచోట, ప్రశాంతంగా వినవలసిన గది మరొకచోట. ఇంటి సంగీత సర్వరు అన్న భావన చాలా ఇండ్లకు ఇట్లా చేరినది. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొన్నది. 2012లో ఆ పెట్టెల తయారీ నిలిపివేసినది. సర్వరు ప్రోగ్రాము మాత్రం అందరికీ తెరచిన గ్రంథం గనుక, దానిని ప్రేమించినవారు దిద్దుకుంటూ వచ్చి, 2024లో లిరియన్ అనే పేరుతో నిలబెట్టినారు. కంపెనీ వదలివేసినదానిని శ్రోతలు కాపాడుకొన్నారు. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న, చౌకయైన కంప్యూటర్లవలన ఈ పని మధ్యతరగతి ఇండ్లకూ అందుబాటులోకి వచ్చినది.

ఇక నెలకొల్పుకొనే పద్ధతి. మొదటిది, సీడీనుండి అంకెలను తప్పు లేకుండా చదివించడం. గీతలు పడిన సీడీని మామూలు యంత్రం మ్రోగించేటప్పుడు, చదవలేని చోట అటూ ఇటూ ఉన్న అంకెలనుబట్టి ఊహించి పూరిస్తుంది. చెవికి సరే, భాండాగారానికి తగదు. ప్రతి భాగాన్నీ రెండుసార్లు చదివి, రెండూ ఒకటైతేనే అంగీకరించే ప్రోగ్రాములు ఉన్నవి, వానినే వాడవలెను. పాత 78 వేగం రికార్డులకు గాడి వెడల్పు, కనుక లాంగ్ ప్లే సూది పనికిరాదు. వేరే సూది కావలెను. రికార్డులు, కాసెట్టులనుండి తీసిన మొదటి ప్రతిలో బుస ఉన్నా, చిటపటలు ఉన్నా అట్లాగే భద్రపరచి, శుభ్రపరచడమేదో రెండవ ప్రతిమీద చేయవలెను. రేపు ఇంతకంటె మంచి సాధనం రావచ్చును.

రెండవది, అంకెలను తిరిగి శబ్దంగా మార్చే సాధనం. దీనిని డాక్ అంటారు. కంప్యూటరు లోపల విద్యుత్తు కల్లోలం ఎక్కువ గనుక, ఇది బయట వేరుగా ఉండడం మంచిది. కొలతల మధ్య వ్యవధిని కంప్యూటరుకు విడువక, డాక్‌లోని గడియారమే నడిపించే రకాన్ని ఎంచుకొనవలెను. వేలు పోసి కొన్న తీగవలన అంకెలు మెరుగుపడవు. ఆ ధనం స్పీకర్లమీద పెడితే ఫలితం చెవికి తెలుస్తుంది.

మూడవది, పేర్లు. గౌహర్ జాన్ దగ్గరకు మళ్ళీ వచ్చినాము. మొదట నిర్ణయించిన సీడీ ప్రమాణంలో పాటల పేర్లే లేవు. వరుస సంఖ్యలు, నిడివి మాత్రమే ఉన్నవి. సర్వరు ప్రోగ్రాములు ముఖ్యంగా పాశ్చాత్యుల పాటలను ఉద్దేశించి పుట్టినవి. అవి గాయకుని పేరు, ఆల్బము పేరు, పాట పేరు అడుగుతవి. మనకు అవి చాలవు. వాగ్గేయకారుడు, రాగం, తాళం, ప్రక్కవాద్యాలు, కచ్చేరీ జరిగిన సంవత్సరం కూడా కావలెను. త్యాగరాజస్వామి పేరును ఇంగ్లీషులో మూడు విధాలుగా వ్రాస్తే యంత్రం ముగ్గురు త్యాగరాజులను చూపుతుంది. తెలుగులో ఒకే తీరుగా వ్రాసుకొంటే ఆ బాధ లేదు. పేరు లేని పాట భాండాగారంలో ఉండీ లేనట్లే.

నాలుగవది చెప్పుటకు నా అనుభవమే చాలును. మా నాన్నగారు రేడియోనుండి పట్టుకొన్న కాసెట్టులు నలభై దాకా ఉండేవి. వారు పోయిన తరువాత రెండు వేసవులు కూర్చుండి వాటిని కంప్యూటరులోకి ఎక్కించినాను. బూజు పట్టిన కాసెట్టులను, పని అయిపోయినదిగదా అని పారవేసినాను. మరుసటి ఏడు ఆ డిస్కు ఒకనాటి ఉదయం పలకలేదు. మూడు పెద్ద దుకాణాలు తిరిగినాను, ఫలితం లేదు. అంతకుముందు మా అక్కయ్య అడిగినదని పెన్ డ్రైవులో వేసి ఇచ్చిన పదకొండు కచ్చేరీలు మాత్రం మిగిలినవి. తక్కినవానితో పాటు, కచ్చేరీకి ముందు మైకు సర్దుతూ నాన్నగారు దగ్గిన దగ్గు కూడా పోయినది.

తరువాత తెలిసినది. ఒకే పెట్టెలో రెండు డిస్కులు జంటగా పెట్టుకున్నా అది రక్ష కాదు. పొరపాటున చెరిపితే రెండింటిలోనూ చెరుగుతుంది, పిడుగు పడితే రెండూ పోతవి. ప్రతి మరొక పెట్టెలో, వీలైతే మరొక ఇంటిలో ఉండవలెను. సంవత్సరానికి ఒకసారి తెరచి, పలుకుతున్నదో లేదో చూచుకొనవలెను.

లక్క పళ్ళెం పగిలితే ముక్కలైనా మిగిలేవి. కాసెట్టు చెడితే కొంచెమైనా వినబడేది. అంకెలు ఉంటే పూర్తిగా ఉంటవి, పోతే పూర్తిగా పోతవి. తరగని ప్రతి అనే వరాన్ని చరిత్ర మనకు ఇచ్చినది; ప్రతి తీసి ఉంచవలసిన పనిని మాత్రం మనకే విడిచినది. మీ ఇంటిలో పెద్దలు పట్టుకొన్న కాసెట్టులు అటకమీద ఉంటే, ఈ ఆదివారం దింపండి. ముందుగా పేర్లు వ్రాయండి. పాడినదెవరో చెప్పగల పెద్దలు ఇంకా ఇంటిలో ఉండగానే వ్రాయండి. ప్రతి తీసిన తరువాత ఒకటి మీ దగ్గర ఉంచుకొని, ఒకటి అక్కయ్యకో తమ్మునికో పంపండి.