ఖజానా తాళాలు లేని కుర్చీ

మా ఉన్నత పాఠశాల వరండాలో, హెడ్మాస్టరు గారి గది పక్క గోడలో ఒక శిలాఫలకం ఉండేది. ఏటా వేసవిలో గోడలకు సున్నం కొట్టేవాళ్లు దాన్నీ వదిలేవాళ్లు కాదు. అక్షరాల గాడులు ఒక్కొక్కటే పూడిపోయి, మేము పదో తరగతికి వచ్చేసరికి చదవడానికి మిగిలింది ఒక్క మాటే: 'విద్యాశాఖామాత్యులు'. పేరు పోయింది, తేదీ పోయింది, పదవి మిగిలింది. గంట కొట్టేదాకా ఆ వరండాలో నిలబడి గోటితో సున్నం గీకేవాళ్లం. ఆ రాయి మీది మనిషి ఎవరో తెలియలేదు గానీ, ఆ పదవి కథ తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం అక్కడే మొదలైంది.

కథ 1920 డిసెంబరులో మొదలవుతుంది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో చదువుల సంగతి చూసింది తెల్లదొరల యంత్రాంగమే. 1919 నాటి మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు ప్రభుత్వ శాఖలను రెండు కుప్పలు చేశాయి. శాంతిభద్రతలు, రెవెన్యూ, ఆర్థికం వంటివి గవర్నరు తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. విద్య, స్థానిక పాలన, ప్రజారోగ్యం వంటివి ఎన్నికైన భారతీయ మంత్రులకు వచ్చాయి. అంటే బడి మనది, బీరువా తాళంచెవి వాళ్లది. కొత్త పాఠశాల పెట్టాలన్నా, పంతులుకు జీతం పెంచాలన్నా మంత్రి వెళ్లి ఆర్థిక సభ్యుడి ముందు నిలబడాల్సిందే. విద్యామంత్రి పదవి పుట్టుకే అలాంటిది. శాసనసభలో జవాబు చెప్పాల్సింది ఆయన, డబ్బు ఇవ్వాల్సింది ఇంకొకరు.

ఎన్నికల్లో గెలిచిన జస్టిస్ పార్టీ తరఫున ఎ.సుబ్బరాయలు రెడ్డియార్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. విద్యాశాఖనూ తనే చూసుకున్నారు. ఆరోగ్యం బాగాలేక 1921 జులైలో తప్పుకున్నారు. ఆయన స్థానంలో పానగల్లు రాజా రామరాయణింగారు వచ్చారు. విద్యాశాఖ మాత్రం బరంపురం న్యాయవాది ఎ.పి.పాత్రో చేతికి వెళ్లింది. ఈ పేరు మనవాళ్లు దాదాపు మరిచిపోయారు. ఇది నాకు కష్టంగా అనిపించే విషయం. ఎందుకంటే విశాఖ సముద్రపు ఒడ్డున ఇవాళ్టికీ నిలబడి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చట్టం తెచ్చిన మంత్రి ఆయనే.

పాత్రో ఐదేళ్లపాటు ఒకే శాఖలో ఉన్నారు. మొదట 1923లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని కొత్త చట్టంతో సంస్కరించారు. ఆ పని అయ్యాక తెలుగు జిల్లాల కోరిక మీదకు దృష్టి మళ్లించారు. తెలుగువాళ్లకు వేరే విశ్వవిద్యాలయం కావాలని ఆంధ్రోద్యమం మొదలైన నాటి నుంచీ సభల్లో తీర్మానాలు చేస్తున్నారు. తీర్మానం వేరు, బిల్లు వేరు. బిల్లు పెట్టగానే అసలు తగువు బయటపడింది: విశ్వవిద్యాలయం ఏ ఊళ్లో? బెజవాడ వాళ్లు బెజవాడ అన్నారు, రాజమండ్రి వాళ్లు రాజమండ్రి అన్నారు, విశాఖ వాళ్లు విశాఖ అన్నారు, దత్తమండలాల (ఇవాళ్టి రాయలసీమ) వాళ్లు అనంతపురం అన్నారు. 1926 ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. మొదట బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరుకు చేరింది.

అనంతపురానికి ఏమీ దక్కలేదు. ఆ బాధ చిన్నది కాదు. పదేళ్లు దాటాక, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో పెట్టాలన్న మాట ఉంది. నీళ్ల మాట, రాజధాని మాట అందరికీ గుర్తున్నాయి. చదువు మాట కూడా ఆ కాగితంలోనే ఉందని మనం మరిచిపోతాం. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురం పూర్తి విశ్వవిద్యాలయం కోసం 1981 దాకా ఆగాల్సి వచ్చింది. శాసనసభలో ఒక మంత్రి ఒక ఊరి పేరు రాస్తే, రాయకపోతే, దాని ఫలితం యాభై ఏళ్లు నడుస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నిజాం రాజ్యంలో దారి వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పవచ్చని నిరూపించింది. అది గొప్ప పని. కానీ ఆ భాష ఉర్దూ. తెలుగింటి పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష మోసుకుంటూ తిరిగాడు. 1952లో బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. ఆ మంత్రివర్గంలో విద్యాశాఖ చూసిన గోపాలరావు ఎక్బోటే తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఇక్కడ ఒక చిన్న కాగితం గురించి చెప్పాలి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ఒక షరతు ఉంది: హోం, ఆర్థికం, రెవెన్యూ, ప్రణాళిక-అభివృద్ధి, వాణిజ్యం-పరిశ్రమలు, ఈ ఐదింటిలో రెండు శాఖలు తెలంగాణ వారికి ఇవ్వాలి. రెండు వైపులా చేయి తిరిగిన రాజకీయవేత్తలే. బేరమాడి రాసుకున్న ఆ ఐదు ముఖ్య శాఖల్లో విద్య లేదు. తెలంగాణ పిల్లల చదువు సౌకర్యాలకు రక్షణ కావాలని అదే ఒప్పందంలో వేరే చోట రాశారు. కానీ ఆ చదువును నడిపే కుర్చీ ఎవరిదన్నది ఎవరూ పట్టించుకోలేదు. 1920లో గవర్నరు వేసిన లెక్క, 1956లో మనవాళ్లు వేసిన లెక్క ఒకటే అయింది.

అంత చిన్నచూపు చూసిన శాఖే ముఖ్యమంత్రులను గద్దె దింపింది. 1953లో మద్రాసులో రాజాజీ ఒక పథకం తెచ్చారు. పల్లెటూరి పిల్లలు సగం పూట బడికి వెళ్లి, మిగతా సగం ఇంటి వృత్తి నేర్చుకోవాలి. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండాలా అని జనం తిరగబడ్డారు. 1954లో ఆయన దిగిపోయారు. విద్యామంత్రి సి.సుబ్రహ్మణ్యం ఆ పథకాన్ని రద్దు చేశారు. అప్పటికి ఆంధ్ర విడిపోయింది. మన దగ్గర 1992లో అలాంటిదే జరిగింది. ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతులను హైకోర్టు కొట్టేయడంతో నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేశారు. ఆ మరుసటి ఏడాది 'ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని తేల్చింది. దేశమంతా చదివే ఆ తీర్పు మీద మన రాష్ట్రం పేరుంది. ఆ పేరు ప్రతివాదిగా ఉండటమే బాధ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ల వరుస పెద్దది. విజయనగరం సంస్థానాధీశుడు పి.వి.జి.రాజు వారిలో ఒకరు. 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి సొంత కోటనే విద్యాసంస్థలకు ఇచ్చిన మనిషి. అందరి గురించీ రాయడానికి చోటు లేదు, అవసరమూ లేదు. పి.వి.నరసింహారావు దగ్గర మాత్రం ఆగాలి.

పి.వి. 1968 నుంచి 1971 దాకా విద్యామంత్రి. హన్మకొండలో చదువుకుని, వందేమాతరం పాడినందుకు కళాశాల నుంచి బహిష్కరణకు గురైన విద్యార్థి ఆయన. చదువులో భాష ఎంత బరువో సొంత అనుభవంతో తెలిసినవారు. 1968 ఆగస్టు 6న తెలుగు అకాడమీ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షులు ఆయనే. ఇంటర్మీడియట్‌లోనూ, ఆపైన డిగ్రీలోనూ తెలుగులో చదవవచ్చని ప్రభుత్వం అంటే సరిపోతుందా? చదవడానికి పుస్తకం కావాలి. పుస్తకం రాయడానికి మాటలు కావాలి. అకాడమీ చేసింది ఆ మోటు పని. ఒక్కో శాస్త్రానికి పండితుల్ని కూర్చోబెట్టి పారిభాషిక పదకోశాలు తయారు చేయించింది.

మా ఇంట్లో అట్ట ఊడిపోయిన అకాడమీ భౌతికశాస్త్రం పుస్తకం ఒకటి ఉంది. మా అన్నయ్యది. పేజీలు పసుపు రంగుకు తిరిగాయి. అంచుల్లో పెన్సిలుతో ఆయన రాసుకున్న లెక్కలున్నాయి. త్వరణం, ద్రవ్యవేగం, గురుత్వాకర్షణ, వక్రీభవనం. ఈ మాటలు చదివి ఇంటర్ పాసైన మనిషి ఆయన. ఇంగ్లీషు పుస్తకమే గతి అయితే మా ఇంట్లో చదువు పదో తరగతితో ఆగేది. ఆ తరంలో వేల ఇళ్లది ఇదే కథ. అకాడమీ మాటలు సంస్కృతం బరువుతో ఉన్నాయన్న విమర్శ ఉంది, అందులో నిజముంది. అయినా నోట్లో తిరగని మాటను అలవాటు చేసుకోవచ్చు. అసలు మాటే లేకపోతే ఏం చేస్తాం?

ఆ మూడేళ్లు ప్రశాంతంగా గడవలేదు. 1969లో తెలంగాణ విద్యార్థులు రోడ్ల మీదకు వచ్చారు. బడులు, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఉద్యమం నడిపింది విద్యార్థులు, విద్యామంత్రి తెలంగాణ బిడ్డ. ఆ ఇరకాటం ఎలాంటిదో ఊహించవచ్చు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఆయన మనసు బడి మీద నుంచి మళ్లలేదు. ఆ ఏడాది నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడాది కోస్తాలో తాడికొండ, సీమలో కొడిగెనహళ్లి. ప్రాంతానికొకటి. పల్లెలో తెలివైన పేదపిల్లవాడికి తిండి, పడక, పుస్తకం, మంచి పంతులు ఒకే చోట ఉంటే ఏమవుతుందో చూద్దామన్న ప్రయత్నమది. 1985లో కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయినప్పుడు ఆ అనుభవమే ఆయన వెంట వెళ్లింది. 1986 జాతీయ విద్యావిధానం, జిల్లాకొక నవోదయ విద్యాలయం ఆ దారిలోనివే.

ఆయన తర్వాత చెప్పుకోవాల్సింది అవనిగడ్డ మండలి వెంకటకృష్ణారావు. జలగం వెంగళరావు మంత్రివర్గంలో విద్యామంత్రిగా ఉండి 1975 ఏప్రిల్‌లో, ఉగాదినాడు, హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు మొదలుపెట్టించారు. మారిషస్‌లో, మలేసియాలో తెలుగువాళ్లున్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. రెండో సభలు 1981లో కౌలాలంపూర్‌లో, మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి.

భవనం వెంకట్రామ్ విద్యామంత్రిగా తలపెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లోనే, 1982 ఆగస్టు 26న ప్రారంభమైంది. దేశంలో అదే మొదటిది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పుడు కలిగింది. ఆదివారం పూట స్టడీ సెంటర్లో బెంచీల మీద బస్ కండక్టరు, గుమాస్తా, పెళ్లితో చదువు ఆగిపోయిన ఇల్లాలు పక్కపక్కన కూర్చున్న దృశ్యం అంతకుముందు లేదు. దాని తొలి ఉపాధ్యక్షులు జి.రామ్‌రెడ్డి తర్వాత ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులయ్యారు. మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు 1991లో పెట్టారు.

ఆ తర్వాత కుర్చీ చిక్కిపోయింది. 42వ రాజ్యాంగ సవరణతో విద్య అప్పటికే రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు వెళ్లి, సగం నిర్ణయాలు ఢిల్లీకి చేరాయి. ఇంటర్ చదువు ప్రైవేటు కార్పొరేట్ కళాశాలల పరమైంది. 1986లో వచ్చిన ఎంసెట్ ఇళ్లలో పరీక్షల జ్వరం పుట్టించింది. శాఖను కూడా ముక్కలు చేశారు: ప్రాథమిక విద్యకొకరు, మాధ్యమిక విద్యకొకరు, ఉన్నత విద్యకొకరు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ పూర్తి చేసేలోగా ముగ్గురు మంత్రుల సరిహద్దులు దాటాలి. బడి మానేసిన పిల్ల ఏ మంత్రి లెక్కలోకి వస్తుంది? ఎవరి లెక్కలోకీ రాలేదు. పదవులు సర్దడానికి బడిని కోయడం తప్పు అని నా నిశ్చితాభిప్రాయం.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో కడియం శ్రీహరి విద్యామంత్రిగా ఉన్న 2018లో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారినప్పుడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి విద్యాశాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అది నారా లోకేశ్‌కు వెళ్లింది.

వందేళ్ల ఈ వరుసలో గుర్తుండిపోయిన పనులు చేసినవారికి ఖజానా తాళాలు ఎప్పుడూ లేవు. ఉన్నదల్లా ఒక పని మీద నిలబడే పట్టు, దాన్ని పూర్తిచేసే వ్యవధి. పాత్రోకు ఐదేళ్లు, పి.వి.కి మూడేళ్లు పైచిలుకు దొరికాయి. అందుకే ఒక విన్నపం. మంత్రివర్గ విస్తరణ వార్తలు పేపర్లో వచ్చినప్పుడు హోం ఎవరికి, ఆర్థికం ఎవరికి అని చూసేముందు విద్య ఎవరికో చూడండి. ఆ మనిషిని ఐదేళ్లూ అక్కడే ఉంచమని మీ ఎమ్మెల్యేని అడగండి. ఈ వేసవిలో మీ ఊరి బడికి సున్నం వేసేటప్పుడు, గోడలోని ఆ రాయిని మాత్రం వదిలేయమని చెప్పండి.