ఫైలం

ఫైలం (బహువచనం: ఫైలా) అనేది జీవశాస్త్రంలో రాజ్యానికి దిగువన, తరగతికి ఎగువన ఉండే వర్గీకరణ స్థాయి. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనిని వర్గం అంటారు. భాషాశాస్త్రంలో ఇదే మాటను భాషాకుటుంబాల కంటే పెద్దదైన సమూహానికి వాడతారు. రెండు శాస్త్రాలలోనూ మూలార్థం ఒక్కటే: పైకి కనిపించే పోలికను బట్టి కాక పుట్టుకను బట్టి ఒకచోట చేర్చిన సమూహం.

వర్గం అనే తెలుగు మాటకు ఇతర అర్థాలు చాలా ఉన్నాయి. గణితంలో ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేది వర్గం. వ్యాకరణంలో క నుండి ఙ వరకు ఉన్న అక్షరాలు కవర్గం. సమాజశాస్త్రంలో శ్రామిక వర్గం, మధ్యతరగతి వర్గం వంటి ప్రయోగాలు ఉన్నాయి. ఈ వ్యాసంలో స్పష్టత కోసం ఫైలం అనే మాటనే వాడడం జరిగింది.

పద చరిత్ర

గ్రీకు భాషలో ఫ్యూలోన్ అంటే తెగ, వంశం, జాతి. పుట్టు, మొలకెత్తు, పెరుగు అనే అర్థాలున్న క్రియాధాతువు దీనికి మూలం. దీనికి దగ్గరి మాట ఫ్యూలే. ప్రాచీన ఏథెన్స్ పౌరులు తాము పుట్టిన ఫ్యూలేలుగా విభజింపబడి ఉండేవారు. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్తెనీస్ ఈ ఏర్పాటును మార్చి, నివాస ప్రాంతాలను బట్టి పది కొత్త ఫ్యూలేలను ఏర్పరచాడు. ఒక్కొక్కదాని నుండి 50 మంది చొప్పున 500 మందితో సభ ఏర్పడింది. అంటే వంశాన్ని సూచించే మాట పాలనా విభాగానికి పేరైంది. శాస్త్రజ్ఞులు మాత్రం తరువాతి కాలంలో పాత అర్థాన్నే తీసుకున్నారు.

ఆకు అనే అర్థం గల ఫ్యుల్లోన్ (క్లోరోఫిల్‌లో ఉన్నది ఇదే), ప్రేమ అనే అర్థం గల ఫిలోస్ (ఫిలాసఫీ) వేరే మాటలు. కార్యాలయాలలోని ఫైలు దారం అనే అర్థమున్న లాటిన్ మాట నుండి వచ్చింది. దానికీ ఫైలానికీ సంబంధం లేదు.

జీవశాస్త్రంలో

1735లో లిన్నేయస్ ప్రకటించిన వర్గీకరణలో ఫైలం లేదు. 1812లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే జంతువులన్నిటినీ శరీర నిర్మాణాన్ని బట్టి నాలుగు శాఖలుగా విభజించాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఫైలం అనే పదాన్ని ప్రవేశపెట్టాడు. డార్విన్ సిద్ధాంతం వెలువడి అప్పటికి ఏడేళ్ళు. ఒక ఫైలంలోని జీవులన్నీ ఒకే పూర్వజీవి సంతతి అన్నది హెకెల్ ఉద్దేశం. వంశవికాసాన్ని తెలిపే ఫైలోజెనీ అనే మాట కూడా ఆయనదే.

వృక్షశాస్త్రంలో చాలాకాలం డివిజన్ (విభాగం) అనే మాటే ఉండేది; 1993 నాటి నియమావళి నుండి ఫైలం అని కూడా అనవచ్చు. బాక్టీరియాలకు ఈ స్థాయిని అధికారికంగా గుర్తించింది 2021లోనే.

ఒక సమూహాన్ని ఫైలం అనడానికి కొలబద్ద ఏదీ లేదు. వర్ణించబడిన జంతుజాతులలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఆర్థ్రోపోడా అనే ఒక్క ఫైలంలోనే ఉన్నాయి. 1995లో ఒక రకం లాబ్‌స్టర్ నోటి భాగాలపై కనుగొన్న సూక్ష్మజీవి కోసం సైక్లియోఫోరా అనే ఫైలం ఏర్పరచారు. అందులోని జాతులను వేళ్ళపై లెక్కించవచ్చు. ఒకప్పుడు ప్రత్యేక ఫైలాలుగా ఉన్న ఎకియూరా, పోగోనోఫోరాలను జన్యు ఆధారాలు లభించాక వానపాములుండే అనెలిడాలో చేర్చారు. అందుకే జంతు ఫైలాల సంఖ్య పుస్తకానికొక రకంగా, 30 నుండి 40 మధ్యలో, కనిపిస్తుంది.

ఉదాహరణ: కోనసీమ

వాడుక పేర్లు సాధారణంగా ఆకారాన్ని బట్టి ఏర్పడతాయి. వానపాము పాము కాదు. తెలుగులో పురుగు అనే మాట మరీ విశాలమైనది: కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు ఆర్థ్రోపోడాకు, అరటి వేళ్ళను పాడుచేసే నులిపురుగు నెమటోడాకు చెందుతాయి. పాము పేరు పలకడానికి భయపడి "పురుగు ముట్టింది" అనేటప్పుడు ఆ పురుగు మనిషి ఉన్న కార్డేటాకే చెందుతుంది. గోదావరి పులస కూడా కార్డేటాయే.

పేరులోని ఈ తేడా పంట దగ్గర ఖర్చుగా మారుతుంది. గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమలో (2022 నుండి ప్రత్యేక జిల్లా, కేంద్రం అమలాపురం) కొబ్బరి ప్రధాన పంట. కొబ్బరి చెట్టుకు వచ్చే బాధలు పైకి ఒకేలా కనిపించినా కారకాలు వేర్వేరు ఫైలాలకు, ఒక్కోసారి వేర్వేరు రాజ్యాలకు చెందినవి.

సర్పిలాకార తెల్లదోమను భారతదేశంలో 2016లో తొలిసారి గుర్తించారు. ఇది ఆర్థ్రోపోడాలోని కీటకం. ఇది విసర్జించే తీపి జిగురుపై శిలీంధ్రం పెరిగి ఆకులు మసిబారతాయి. రైతు కంటికి ముందుగా కనిపించేది ఆ నలుపు. దానిని చూసి శిలీంధ్రనాశని చల్లితే మూలకారణమైన దోమ అలాగే ఉంటుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం ఈ దోమపై ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని ప్రయోగించమంటుంది. ఆకుపై మసిగా పెరిగేదీ, దోమను చంపేదీ రెండూ ఆస్కోమైకోటా ఫైలానికి చెందిన శిలీంధ్రాలే. వేరు, మొదలు భాగాలను కుళ్ళబెట్టే గానోడెర్మా బసిడియోమైకోటాకు చెందుతుంది. దానిని అదుపు చేయడానికి వేపపిండితో కలిపి వేసే ట్రైకోడెర్మా మళ్ళీ ఆస్కోమైకోటా.

కాయలపై గోధుమరంగు మచ్చలు, పగుళ్ళు కలిగించే ఇరియోఫిడ్ నల్లి కూడా ఆర్థ్రోపోడాయే కాని కీటకం కాదు. సాలీళ్ళ తరగతికి చెందినది. కీటకాలపై పనిచేసే ప్రతి మందూ నల్లిపై పనిచేయదు. ఫైలం తెలిస్తే చాలదనడానికి ఇది నిదర్శనం.

ఫైలం ఒక్కటే కావడం నష్టం కలిగించే సందర్భమూ ఉంది. అల్లవరం, కాట్రేనికోన వంటి తీర మండలాలలో కొబ్బరి తోటలకూ వరి చేలకూ దగ్గరలోనే రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్య ఆర్థ్రోపోడా జీవి. కీటకం వలెనే కైటిన్‌తో ఏర్పడిన పైపెంకును విడుస్తూ పెరుగుతుంది. నాడీవ్యవస్థ నిర్మాణంలోనూ పోలిక ఉంది. అందువలన కీటకాల కోసం తయారైన మందులలో చాలా వాటికి రొయ్య కూడా బలి అవుతుంది. చేలలో చల్లిన మందు కాలువ నీటితో చెరువులో చేరితే నష్టపోయేది పక్క రైతు.

అన్నిటికన్నా చిక్కుముడి తాటిపాక తెగులు. రాజోలు మండలంలోని తాటిపాక గ్రామం పేరు దీనికి వచ్చింది. 1949 నాటి తుఫాను తరువాత ఇది మొదట కనిపించిందని వ్యవసాయ గ్రంథాలు చెబుతాయి. తెగులు సోకిన చెట్టుకు మొదట ఆకులు అసాధారణంగా పెద్దవై ముదురు పచ్చగా ఉంటాయి. అంటే రైతుకు అది ఆరోగ్యంగా కనిపిస్తుంది. తరువాత ఆకులు చిన్నవై, కాయలు కుదించుకుపోయి గుంజు లేకుండా మిగులుతాయి. ఫైటోప్లాస్మా దీనికి కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. ఈ సూక్ష్మజీవుల ఉనికి 1967లో జపాన్‌లో జరిగిన పరిశోధనలతోనే తెలిసింది; అంతకుముందు ఇవి కలిగించే తెగుళ్ళను వైరస్ తెగుళ్ళుగా ఎంచేవారు. మైకోప్లాస్మటోటా అనే బాక్టీరియా ఫైలానికి చెందిన ఫైటోప్లాస్మాలకు కణకవచం లేదు. కణకవచం నిర్మాణాన్ని అడ్డుకునే పెనిసిలిన్ వీటిపై పనిచేయదు. టెట్రాసైక్లిన్ రకం మందులు లక్షణాలను తాత్కాలికంగా తగ్గిస్తాయి.

భాషాశాస్త్రంలో

జీవశాస్త్రం నుండి ఈ మాటను భాషాశాస్త్రజ్ఞులు 20వ శతాబ్దంలో స్వీకరించారు. కుటుంబం నిరూపితమైన బంధుత్వం. ఫైలం అంతకంటే ప్రాచీనమైన, తరచు వివాదాస్పదమైన బంధుత్వం. న్యూగినియా భాషలపై 1970 దశకంలో వెలువడిన రచనలలో "ట్రాన్స్ న్యూగినియా ఫైలం" అన్న పేరు స్థిరపడింది.

తెలుగు ద్రావిడ భాష అని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపాడు. అంతవరకు దానిని సంస్కృతజన్యమని తలచేవారు, కారణం పదజాలంలో తత్సమాలు ఎక్కువగా ఉండడం. లిపి పోలికను బట్టి తెలుగుకు కన్నడం అతి దగ్గరిదని నేటికీ చాలామంది అనుకుంటారు. కాని భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో గోండి, కొండ, కువి, కుయి భాషల సరసన ఉంటుంది. కోనసీమ రైతుకు పుట్టుకను బట్టి దగ్గరి భాష బెంగుళూరులో కంటే ఏజెన్సీ కొండలలోనే ఉన్నదన్నమాట.

ద్రావిడ కుటుంబం మొత్తాన్నీ ప్రాచీన ఇరాన్‌లోని ఎలామైట్ భాషతో కలిపి డేవిడ్ మెకాల్పిన్ ఒక ప్రతిపాదన చేశాడు. అది రుజువైతే తెలుగు ఒక ఫైలంలో సభ్యురాలవుతుంది. భాషావేత్తలలో ఎక్కువమంది దీనిని అంగీకరించలేదు.