కౌలు అంటే ఇచ్చిన మాట

"మనలో మనకు కాగితమెందుకండీ?" డబ్లిన్‌లో మన తెలుగువారు మరొక తెలుగు కుటుంబానికి ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు వినవచ్చే మాట ఇది. ఆప్యాయతతో అనే మాటే. కాని ఇదే కాలిఫోర్నియాలో భారతదేశం నుండి వచ్చినవారికి కౌలు కాగితం పొందే హక్కే లేని రోజులుండేవి. ఫీజీ చెరకు కౌలుదారుల ఇంట పుట్టిన నాబోటి వారికి ఆ కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో ఇక్కడికి వచ్చిన భారతీయులలో అత్యధికులు పంజాబీ రైతులు. శాక్రమెంటో లోయలో వరి, ఇంపీరియల్ లోయలో పత్తి పండించారు. 1913లో కాలిఫోర్నియా ఒక భూమి చట్టం చేసింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనరాదు, మూడేళ్ళకు మించి కౌలుకు తీసుకోరాదు. 1920లో ఓటర్లు ఆ మూడేళ్ళ కౌలును కూడా నిషేధించారు. చట్టం ముఖ్యంగా జపాను రైతులను ఉద్దేశించినదే. అయితే 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వార్హత లేదని తీర్పు చెప్పింది. దానితో మనవారూ ఆ చట్టం కిందికి వచ్చారు.

పొలం వదలలేరు, కౌలు వ్రాయించుకోలేరు. అందుచేత కొందరు తమకు తెలిసిన అమెరికన్ల పేరిట, మరికొందరు ఇక్కడ పుట్టిన తమ బిడ్డల పేరిట కాగితాలు పెట్టి సాగు చేశారు. మాట నిలబెట్టుకున్న పెద్దమనుషులూ ఉన్నారు, తప్పినవారూ ఉన్నారు. తప్పినప్పుడు న్యాయస్థానానికి పోయే దారి లేదు. ఆ కౌలే చట్టవిరుద్ధమాయె!

1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హత కలిగించింది. 1952లో ఫుజీ కేసులో భూమి చట్టం చెల్లదని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 1956లో ఓటర్లే దానిని రద్దు చేశారు. అదే సంవత్సరం ఇంపీరియల్ లోయలో సేద్యం చేసిన దలీప్ సింగ్ సౌంద్ అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యారు. ఇళ్ళ అద్దెలో జాతి, మతం, పుట్టిన దేశం చూడరాదని 1968లో దేశమంతటికీ చట్టం వచ్చింది.

ఇక అద్దె ఇంటి బాగోగులు. ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం యజమాని బాధ్యత అని 1974లో గ్రీన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కప్పు కారరాదు, నీరు, విద్యుత్తు, చలికి వేడి ఉండాలి. ఇల్లు ఖాళీ అయిన 21 రోజులలో డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి. ఏమైనా మినహాయిస్తే లెక్క చూపాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కోత పెట్టరాదు. అద్దెకున్నవారు సకాలంలో అద్దె చెల్లించాలి, ఇల్లు శుభ్రంగా ఉంచాలి, తాము పాడుచేసినది బాగుచేయించాలి, మరమ్మతు అవసరమైతే వెంటనే తెలపాలి. ఏడాదికి మించిన ఒప్పందం వ్రాతలోనే ఉండాలి.

1982లో నగరమైన ఈ డబ్లిన్‌లో నేడు మనవారు అద్దెకుండేవారే కాదు, అద్దెకిచ్చేవారు కూడా. అందువల్లనే రెండు విషయాలు మనవి చేస్తున్నాను. మనవారని కాగితం మానవద్దు. పేచీ వచ్చిననాడు స్నేహాన్ని నిలిపేది ఆ కాగితమే. అలాగే, మనవారు కారని ఎవరికీ ఇల్లు లేదనవద్దు. అది చట్టానికి విరుద్ధమన్నది ఒక సంగతి. ఒకనాడు ఆ మాట పడినవారి దేశం నుండే మనమూ వచ్చామన్నది అంతకన్న పెద్ద సంగతి.

ఈ వయస్సులో సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకుంటూ ఒక విషయం తెలుసుకున్నాను. "కౌలు" అన్న మాట అరబ్బీ నుండి మన భాషలోకి వచ్చినదట. దానికి అసలు అర్థం "ఇచ్చిన మాట". సంతకం చేసే ముందు ఇరుపక్షాలూ ఆ అర్థాన్ని ఒక్కసారి తలచుకుంటే చాలును.