కారకం, కారణం: ఉద్దానం నేపథ్యంలో అన్వేషణాత్మక కారక విశ్లేషణ

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలకు ప్రసిద్ధి. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలతో వివరించడానికి వీలుకాని మూత్రపిండాల వ్యాధి ఆ ప్రాంతాన్ని నేడు పరిశోధనాక్షేత్రంగా మార్చింది. అక్కడ ప్రశ్నావళి ద్వారా ‘వ్యాధి కారకాలను’ అన్వేషించదలచిన విద్యార్థి కారక విశ్లేషణను ఆశ్రయిస్తే ఎదురయ్యే చిక్కుకు మూలం ఆ పద్ధతి చరిత్రలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. పద్ధతి పరిణామం

1904లో చార్లెస్ స్పియర్‌మన్ వేర్వేరు పాఠ్యాంశాల్లో విద్యార్థులు చూపిన ప్రతిభ మధ్య సహసంబంధాలను గమనించి, వాటి వెనుక ఒక సామాన్య సామర్థ్యాన్ని ఊహించాడు. 1930లలో థర్‌స్టన్ దానిని బహుకారక పద్ధతిగా విస్తరించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1955లో ‘సైకోమెట్రికా’ పత్రికలో కారకాల అంచనా, సార్థకతా పరీక్షలను చర్చించారు. ఎన్ని కారకాలను నిలుపుకోవాలన్న ప్రశ్నకు కైజర్ 1960లో ఐగెన్ విలువ ఒకటిని మించాలన్న నియమాన్ని, హార్న్ 1965లో సమాంతర విశ్లేషణను, కాటెల్ 1966లో స్క్రీ పరీక్షను సూచించారు. వీటన్నిటికీ ఆధారం ఒక్కటే: వ్యక్తుల మధ్య తేడా. తేడా లేనిచోట సహసంబంధం ఉండదు. సహసంబంధం లేనిచోట కారకమూ తేలదు.

3. ఉద్దానంలో ఎదురయ్యే చిక్కు

‘మీరు భూగర్భజలం తాగేవారా?’ అన్న ప్రశ్నకు గ్రామమంతా ‘అవును’ అన్నదనుకుందాం. ఆ అంశానికి విస్తృతి శూన్యం. సాఫ్ట్‌వేర్ సహసంబంధాన్ని లెక్కించలేదు. ఆ అంశాన్ని తొలగిస్తే లెక్క సాఫీగా సాగుతుంది. తొలగింపు గణితరీత్యా సరైనదే. అయితే మిగిలిన కారకాల్లో నీరు లేదు కనుక వ్యాధిలో నీటికి పాత్ర లేదని రాయడం దోషం. అందరూ సమానంగా పొగతాగే సమాజంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వంశపారంపర్యమనిపిస్తుందని జెఫ్రీ రోజ్ 1985లో చేసిన హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది.

హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇప్పుడు ‘ఏ నీరు తాగుతున్నారు?’ అని మాత్రమే అడిగితే గతం మరుగున పడుతుంది. కనుక ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ నీరు వాడారో అడగాలి. నీటి ఆధారం వేరుగా ఉన్న గ్రామాలను టెక్కలి వైపు నుంచి చేర్చుకుంటే తేడా లభిస్తుంది. కానీ రెండు ప్రాంతాల సమాచారాన్ని కలిపివేసినప్పుడు ప్రాంతభేదమే కారకంగా కనిపించవచ్చు. అందువల్ల ముందుగా ప్రతి ప్రాంతాన్నీ విడిగా విశ్లేషించి పోల్చాలి.

4. ముగింపు

తెలుగులో ‘వ్యాధికారకం’ అంటే వ్యాధిని కలిగించేది. గణాంకశాస్త్రంలో కారకమంటే కలిసి మారే అంశాల వెనుక ఊహించిన చరం మాత్రమే. ఒకే మాట రెండు అర్థాలను మోస్తున్నందున, సిద్ధాంతగ్రంథంలో దాని నిర్వచనం తొలి అధ్యాయంలోనే ఉండాలి. కారక విశ్లేషణ ప్రశ్నల పొందికను చూపగలదు. వ్యాధికారణ నిర్ణయానికి కాలక్రమ పరిశీలన, నీటి పరీక్షలు, వైద్యపరీక్షలు అవసరం. ఈ భేదాన్ని విస్మరిస్తే, ఉద్దానంలో అందరినీ సమంగా బాధించేదే మన పట్టికలోంచి ముందుగా జారిపోతుంది.