గడ్డం మీద ఆజ్ఞ, జడ మీద నిర్ణయం

సైనికుడి దుస్తులు, జుట్టు, గడ్డం గురించిన నిబంధనలు ఏ సైన్యంలోనూ ఒకేలా ఉండిపోవు. భారత సైన్యం 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, కొత్త యుద్ధ దుస్తులను ప్రదర్శించింది. బ్రిటిష్ సైన్యం 2024 మార్చిలో తన సైనికులు గడ్డం పెంచుకోవడానికి ఒప్పుకుంది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా ‘సైనికుడన్నాక చెప్పింది చేయాల్సిందే’ అనే మాట వినిపిస్తుంది. 1806లో వేలూరు సిపాయిల అనుభవాన్ని, 1943లో సైన్యంలో చేరిన మలయా ఆడపిల్లల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట సగమే నిజమని తేలుతుంది. సైనికులు మార్పును భరిస్తారు. తమ నమ్మకాన్ని, గౌరవాన్ని లెక్కచేయకుండా నెత్తిన రుద్దిన మార్పునే భరించరు.

ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగు, తమిళ ప్రాంతాల హిందువులు, ముస్లింలు కలిసి పనిచేసేవారు. సర్వసేనాని సర్ జాన్ క్రాడక్ 1805 నవంబరులో వారికి కొత్త తలపాగా నిర్ణయించాడు. 1806 మార్చి నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లాయి: యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట బొట్టు, నామాలు, విభూతి కూడదు, చెవిపోగులు తీసేయాలి, గడ్డం నున్నగా గీయాలి, మీసాలు వీలైనంతవరకు ఒకే తీరున ఉండాలి. టోపీని తలపించే ఆ తలపాగాకు తోలు తగిలించడంతో మతం మారుస్తారన్న భయం పుట్టింది. మే నెలలో వేలూరులో దాన్ని పెట్టుకోవడానికి నిరాకరించిన వారిలో ఇద్దరికి చెరి 900 కొరడా దెబ్బలు విధించారు. జులై 10 తెల్లవారకముందే కోటలో తిరుగుబాటు లేచింది. వందమందికి పైగా ఆంగ్ల సైనికులు, అధికారులు చనిపోయారు. ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిల్లెస్పీ అశ్వికదళంతో వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాక వందలాది సిపాయిలు హతమయ్యారు. ఆ నిబంధనలను వెనక్కి తీసుకున్నారు. 1807లో కంపెనీ డైరెక్టర్లు క్రాడక్‌ను, గవర్నరు విలియం బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు.

ఈ తిరుగుబాటుకు తలపాగా కారణం కాదు, కోటలో ఉంచిన టిప్పు సుల్తాన్ కొడుకుల ప్రోద్బలమే అసలు కారణమని ఒక వాదన ఉంది. విచారణ సంఘం రెండింటినీ కారణాలుగా చూపింది కాబట్టి ఆ వాదనను తోసిపుచ్చలేం. అయితే టిప్పు కుటుంబం వేలూరులో అప్పటికే కొన్నేళ్లుగా ఉంది. అన్నాళ్లూ రాజుకోని నిప్పు కొత్త నిబంధనలు అమలుచేయబోయిన కొద్ది నెలల్లోనే ఎందుకు రాజుకుంది? హైదరాబాదు సంగతి మరింత స్పష్టంగా జవాబు చెబుతుంది. నిజాం రాజ్యంలోని కంపెనీ దళాల్లోనూ ఇదే అలజడి మొదలైంది. అక్కడి సేనాధిపతి కర్నల్ మాంట్రెసర్ జులైలోనే ఆ ఉత్తర్వులను రద్దుచేశాడు. వేలూరులో పారిన రక్తం అక్కడ పారలేదు.

ఇక మలయా. బటాంగ్ బెర్జుంటై (ఇప్పటి పేరు బెస్తారి జయ) వంటి సెలంగోర్ ఊళ్ల చుట్టూ విస్తరించిన రబ్బరు తోటల్లో తమిళులతో పాటు తెలుగు కూలీలూ చెమటోడ్చారు. మలయాలోని అలాంటి తోటల కుటుంబాల నుంచే, 1943లో సుభాష్ చంద్రబోస్ పిలుపు అందుకుని, ఎందరో ఆడపిల్లలు ఝాన్సీ రాణి రెజిమెంటులో చేరారు. వారిలో అత్యధికులు తమిళులు. ఆ ఏడాది అక్టోబరులో సింగపూర్‌లో శిక్షణ శిబిరం తెరిచారు. చీర కట్టుకున్నవాళ్లు ఖాకీ ప్యాంటు, చొక్కా తొడిగారు. చాలామంది పొడవాటి జడలు కత్తిరించుకున్నారు. వేలూరు సిపాయికి గడ్డం ఎంతో, ఆనాటి ఇంటి ఆడపిల్లకు జడ అంతకు తక్కువ కాదు. అయినా ఇక్కడ తిరుగుబాటు రాలేదు. రెజిమెంటు నాయకురాలు కెప్టెన్ లక్ష్మి కూడా జుట్టు కత్తిరించుకుంది. ఈ మార్పు దేనికోసమో వచ్చినవారికి తెలుసు.

వీరు స్వచ్ఛందంగా వచ్చినవారు, సిపాయిలతో పోలికేమిటని అడగవచ్చు. సిపాయిలనూ ఎవరూ బలవంతంగా పట్టుకురాలేదు, వాళ్లూ ఇష్టపడే కొలువులో చేరారు. తేడా చేరిన తీరులో లేదు, చేరాక వారిని చూసిన తీరులో ఉంది. యుద్ధం మధ్యలో ప్రతి ఆజ్ఞకూ కారణం చెబుతూ కూర్చోలేరన్నదీ నిజమే. కానీ గడ్డం, బొట్టు, జడ గురించిన నిబంధనలు తుపాకీ మోతల మధ్య పుట్టవు, కార్యాలయాల్లో నెలల తరబడి తయారవుతాయి. వాటిని పాటించాల్సినవారిని అడగడానికి, అవసరం వివరించడానికి, విశ్వాసం అడ్డొచ్చిన చోట మినహాయింపు ఇవ్వడానికి అక్కడ వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని వాడుకోవడం క్రమశిక్షణను సడలించడం కాదు. రెండు శతాబ్దాల కిందట మాంట్రెసర్ చేసి చూపింది, క్రాడక్ చేయక పోగొట్టుకున్నది అదే.